కర్పూరం ఆరేదాకా

వెంకటసుబ్బులమ్మ గొంతు పోయి ఏడాది కావస్తోంది. గొంతులో గడ్డ తీసిన డాక్టర్లు ప్రాణం నిలబెట్టారు గానీ పాట తిరిగి రాలేదు. నోరు తెరిస్తే వచ్చే ఆ గరగరకు తనకే సిగ్గేసి, శనివారం హారతి వేళ ఆమె వంటింట్లోనే ఉండిపోయేది. కంభంలో కిరాణా దుకాణం నడిపే కొడుకు లక్ష్మీనరసయ్య ఫోన్‌లో ఏదో పాట పెట్టి, మమ అనిపించేవాడు.

మనవరాలు వర్షిణికి ఒళ్ళు మండేది. అవ్వ పాడే మంగళహారతి ఏ ఫోన్‌లోనూ దొరకదు. అది అవ్వ తన తల్లి నోటి నుంచి నేర్చుకున్నది. అవ్వను మళ్ళీ దేవుడి గదిలోకి రప్పించాలని ఆ పిల్ల పంతం. హాస్టల్ నుంచి తెచ్చుకున్న యుకులేలేతో సాయంత్రాలు మిద్దెక్కేది. చెరువు గాలికి కళ్ళు మూతలు పడేవి. చిన్నప్పుడు అవ్వ ఒడిలో సగం నిద్రలో విన్న రాగం తేలుతూ వచ్చేది, పట్టబోతే జారిపోయేది. ఆ నాలుగు తీగల మీద దాన్ని వెతుక్కుంటూ, ఫోన్‌లో తాళం పెట్టుకుని సాధన చేసేది.

"ఏందమ్మా ఆ బొమ్మ గిటారు? దేవుడు నవ్వుతాడు," అన్నాడు లక్ష్మీనరసయ్య.

"నవ్వనీలే నాయనా. నీ ఫోన్‌కి నిద్రపోతాండాడు గదా."

శనివారం వచ్చింది. వర్షిణి తల్లి సావిత్రి కర్పూరం వెలిగించి పళ్ళెం ఎత్తింది. కర్పూరం ఆరేదాకా పాట ఆగకూడదన్నది ఆ ఇంటి పట్టింపు. వర్షిణి ఒక్క తప్పు లేకుండా వాయించింది. పాట అయిపోయింది. పళ్ళెంలో మంట మాత్రం నిటారుగా వెలుగుతూనే ఉంది. లక్ష్మీనరసయ్య ఫోన్ కోసం జేబు తడుముకున్నాడు.

అప్పుడు అవ్వ వచ్చింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, కోడలి చేతిలోని పళ్ళెం అందుకుంది.

"అట్ల ఉరుకుతావేందే?" గాలిలాంటి గొంతుతో అంది. "నా చెయ్యి జూసి వాయించు."

పళ్ళెం మెల్లగా, నింపాదిగా తిరిగింది. వర్షిణి ఆ చేతి వెంటే వెళ్ళింది. రాగం సాగింది, ఊగింది, ఒడిలో విన్నట్టే ఉంది. దాని మీద అవ్వ గరగర కూడా కలిసింది. సగం మాటలు గొంతులోనే ఆగిపోతున్నా ఆమె పాడుతూనే ఉంది. వర్షిణికి కళ్ళలో నీళ్ళు తిరిగి తీగలు అలుక్కుపోయాయి.

కర్పూరం ఆరిపోయింది. అవ్వ ఆగలేదు. ఆగమని ఎవరూ అనలేదు.