ఆల్చిప్పలు ఒలిచే చోట

డెబ్బై ఏళ్లు నిండగానే చర్చి నియమం ప్రకారం పాస్టర్ ప్యో మున్‌సిక్ పదవి నుంచి దిగిపోయాడు. ముప్పై ఒక్క ఏళ్లు ఆ రేవు ఊళ్లో ఒకే సంఘాన్ని నడిపించినందుకు పూలగుత్తి, పేరు చెక్కిన పలక ఇచ్చి పంపారు. కొత్త పాస్టరు ఎంతో మర్యాదగా ఒక మాట అడిగాడు.

"ఒక ఏడాది పాటు వేరే చర్చికి వెళ్తారా అండీ? మీరు ఎదురుగా కూర్చుంటే జనం నా మాట వినరు."

న్యాయమేనని మున్‌సిక్ ఒప్పుకున్నాడు. కానీ మర్నాటి నుంచి ఏం చెయ్యాలో తోచలేదు. వేకువ ప్రార్థన వేళకు అలవాటుగా మెలకువ వచ్చేది. లేచి, చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, వంటగదిలో కూర్చునేవాడు.

"గోడలకి ప్రసంగం చెప్తున్నారు మీరు. అలా ఎక్కడికైనా వెళ్లి రండి," అంది భార్య.

వెళ్లడానికి ఒక చోటుంది. ఇరవై ఆరేళ్లుగా ఆ దారి తప్పించుకునే తిరిగాడు.

అతని సంఘంలోని ఓక్ జోమ్‌సున్ అనే ఆవిడ కొడుకు దాల్సు అప్పట్లో ఇరవై మూడేళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. అంత్యక్రియల ఆరాధన జరిపించమని ఆమె పాస్టరు ఇంటి వాకిట్లో మోకరిల్లింది. అలాంటి చావు పాపమని సంఘ పెద్దలు ఒప్పుకోవడం లేదని చెప్పి మున్‌సిక్ తలుపు వేసుకున్నాడు. ఆమె మళ్లీ చర్చి గడప తొక్కలేదు.

ఆమె ఆల్చిప్పలు ఒలిచే షెడ్డు రేవు చివరనుంది. రబ్బరు బూట్లు, రబ్బరు చేతొడుగులు వేసుకుని ఆడవాళ్లు రెండు వరసల్లో నిలబడి కత్తులతో చిప్పలు తెరుస్తున్నారు. మున్‌సిక్ ఆమె పక్కకు వెళ్లి నిలబడ్డాడు.

"ప్రార్థన చెయ్యడానికైతే నాకొద్దు," అంది జోమ్‌సున్ తలెత్తకుండా.

"అందుకు రాలేదక్కా. ఆ రోజు పెద్దలు ఒప్పుకోలేదని చెప్పాను. అబద్ధం. నేను వాళ్లని అడగనే లేదు. అడిగితే నా పదవికి ఏమవుతుందోనని భయపడ్డాను."

ఆమె కత్తి ఆగింది. మళ్లీ చిప్ప తెరిచి, మాంసం గిన్నెలో వేసింది. ఎదుటి వరసలోని గోక్‌జా అనే ముసలావిడ ఒక కత్తి అతని ముందుకు తోసింది.

"ఊరికే నిలబడితే చలేస్తుంది పాస్టరుగారూ. ఒలవండి."

మొదటి చిప్పకే వేలు తెగింది.

"ముప్పై ఏళ్లు బైబిలు పేజీలు తిప్పిన చేతులు కదా," అని గోక్‌జా నవ్వింది. జోమ్‌సున్ నవ్వలేదు. తన చేతొడుగు విప్పి అతని ముందు పడేసింది.

మర్నాడూ వెళ్లాడు. ఆ తర్వాతా వెళ్లాడు. వాళ్లు పది చిప్పలు ఒలిచేసరికి అతను ఒకటి ఒలిచేవాడు. బోధించమని ఎవరూ అడగలేదు, అతనూ నోరు తెరవలేదు. ఆడవాళ్లు కోడళ్ల గురించి, మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకునేవాళ్లు. ఇన్నేళ్లలో ఇంతసేపు ఎవరి మాటా వినలేదని మున్‌సిక్‌కి అనిపించింది. పదకొండో రోజున జోమ్‌సున్ తనంతట తానే మొదలుపెట్టింది. దాల్సుకి ఈత రాదట. పడవవాళ్ల పిల్లాడివై ఉండి ఇదేంట్రా అని అందరూ ఏడిపించేవాళ్లట. అంతే చెప్పి ఇంకో చిప్ప అందుకుంది.

ఫిబ్రవరిలో దాల్సు పోయిన రోజు వచ్చింది. ఆమె అతన్ని కొండ మీది సమాధి దగ్గరికి తీసుకెళ్లింది. ఎండిన గడ్డి మీద ఇద్దరూ మోకరిల్లారు. వందల అంత్యక్రియలు జరిపిన మున్‌సిక్‌కి ఆ రోజు ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"వాడి పేరు పిలవండి, చాలు," అంది ఆమె.

"దాల్సూ," అన్నాడు. ఇంకోసారి అన్నాడు. తర్వాత, ఆనాడు పాడవలసిన కీర్తన మొత్తం పాడాడు.

దిగేటప్పుడు జోమ్‌సున్ అంది: "మిమ్మల్ని క్షమించానని అనను. అబద్ధమాడలేను."

"అనక్కర్లేదక్కా."

"రేపు సరుకు ఎక్కువొస్తుంది. ఏడింటికల్లా రండి."

సమాధి దగ్గర అతను పాడిన సంగతి చాటింపు లేకుండానే పక్క షెడ్లకు పాకింది. మార్చిలో ఒక నడివయసు ఆడమనిషి పని అయ్యేదాకా తలుపు దగ్గరే నిలబడింది. తన చెల్లెలిదీ అలాంటి చావేనని, ఎవరూ పాట పాడలేదని, సమాధి అవతలి దీవిలో ఉందని చెప్పింది.

"మీకిప్పుడు పదవి లేదట కదా. అయినా వస్తారా?"

"ఆవిడ పేరేంటమ్మా?" అని అడిగాడు మున్‌సిక్, చేతులు కడుక్కుంటూ.

శనివారం పొద్దుటి పడవకు ఇద్దరూ బయల్దేరారు. జోమ్‌సున్ కూడా వచ్చి, వాళ్ల వెనక బెంచీ మీద కూర్చుంది.