పొదుపులో మా వంతు

నేను ఒక డోలీ కర్రను. ఈ మాట వినగానే మీకు పెళ్ళి పల్లకీ, సన్నాయి మేళం గుర్తొస్తే తప్పు మీది కాదు. మీరు మైదానంలో పుట్టారు, అంతే. మా కొండ మీద డోలీ అంటే ఒక దుప్పటి, దాని రెండు కొసలూ ముడేసి వేలాడదీసిన వెదురు కర్ర, ఆ కర్ర కింద రెండు భుజాలు. నడవలేని మనిషిని అందులో పడుకోబెట్టి కొండ దించుతారు. దుప్పట్లు మారుతుంటాయి, భుజాలూ మారుతుంటాయి. కర్రను మాత్రం నేనే.

మా ఊరు జీలుగుపుట్టు. ఊరికీ తారురోడ్డుకీ మధ్య ఒక వాగు, జారుడు బండల దారి, ఎక్కి దిగాల్సిన గట్లు ఉన్నాయి. నన్ను కొట్టి తెచ్చినవాడు డొంబురు. వెన్నెల రోజుల్లో కొడితే పురుగు పడుతుందని అమావాస్య దాకా ఆగి కొట్టాడు. లోపల డొల్ల లేని గట్టి వెదురును ఏరి ఏరి ఎంచుకున్నాడు. పొయ్యి మీద అటక కట్టి, నా ఒళ్ళు నల్లబడే దాకా పొగ పట్టించాడు. "ఇది మనిసిని మోసే కర్ర. దీంతో గొడ్డుని కొట్టకండి, బట్టలారెయ్యకండి" అని ఇంటిల్లిపాదికీ చెప్పి చూరులో కట్టాడు. ఆ మాటకు నాకు కాస్త గర్వం వచ్చిన మాట నిజం. సాటి వెదుళ్ళు తడికెలయ్యాయి, బుట్టలయ్యాయి, కోళ్ళ గూళ్ళయ్యాయి మరి.

డోలీ కర్రకు మా ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మోసుకెళ్తున్న మనిషి దారిలో కన్నుమూస్తే, ఆ కర్ర మళ్ళీ ఊరు చేరకూడదు. ప్రాణం పోయిన చోటే దాన్ని పారేసి రావాలి. చావు రుచి మరిగిన కర్ర ఊరికొస్తే ఇంకొకరిని అడుగుతుందట. కర్ర అడిగేదేముంది, నా మొహం! అయినా ఆ కట్టుబాటును నేనెన్నడూ ఎగతాళి చెయ్యలేదు. ఎందుకంటే వెళ్ళిన ప్రతిసారీ నేను తిరిగొచ్చాను. పాము కరిచిన ముసలాణ్ణి మోశాను, చలిజ్వరం పిల్లల్ని మోశాను, నెలలు నిండిన ఆడవాళ్ళను మోశాను. ఒక్కరూ నా మీద పోలేదు. డొంబురు భుజం మీద నిమ్మకాయంత కాయ కాసింది. అది నా గుర్తే. అతని భార్య గంగులమ్మ దానికి రోజూ ఆముదం రాస్తూ, "ఈ కాయకి పింఛనిస్తే బాగున్ను" అనేది.

ఇక నా వైభోగం సంగతి వినండి. పేపరు వాళ్ళు, టీవీ వాళ్ళు వచ్చి నన్ను ఎన్నిసార్లు ఫోటో తీశారో. 'ఏజెన్సీలో తప్పని డోలీ మోత' అని వేసేవారట. ఫోటో బాగా రాకపోతే మళ్ళీ ఒకసారి వాగు దాటమనేవారు. లోపల పడుకున్న మనిషి మూలుగుతుంటే మళ్ళీ దాటిన రోజులున్నాయి.

ఆ ఫోటోల పుణ్యమో ఏమో, ఒకనాడు సంత మైదానంలో షామియానా వేశారు. 'డోలీ మోతకు ఇక సెలవు' అని గుడ్డ మీద రాయించి కట్టారు. దాని కింద తెల్లటి అంబులెన్సు నిలబడి ఉంది. కొండ దారులెక్కే చిన్న బండి. తలుపు మీద ఎర్ర అక్షరాలతో 'జీలుగుపుట్టు' అని ఉంది. మా ఊరి పేరు ఒక వస్తువు మీద రాసి ఉండగా చూడటం మా వాళ్ళకు అదే మొదలు. నన్నూ తెమ్మన్నారు. నా మెడలో బంతిపూల దండ వేశారు. మెడ ఎక్కడుందని అడక్కండి, ఎక్కడో వేశారు. డొంబురు నన్ను మా ఏజెన్సీ చూసే ఆఫీసరు చేతికి అప్పగిస్తున్నట్టు ఫోటో తీశారు.

"దీన్ని మ్యూజియంలో పెడదాం డొంబురూ. ఒకప్పుడు మనుషుల్ని ఇలా మోసేవాళ్ళమని మీ మనవలకు చూపించాలి" అన్నాడు ఆఫీసరు. కుర్రవాడు, మంచివాడే. ఆ మాట నమ్మే అన్నాడు.

బండిలో రోగి ఉన్నట్టు ఇంకో ఫోటో కావలసి వచ్చింది. డొంబురు కూతురు కాసులమ్మను ఎక్కి కూర్చోమన్నారు. ఆశ్రమ బడిలో పది చదివిన పిల్ల, అప్పుడే లింగన్నతో పెళ్ళయింది. ఎక్కి, కూర్చుని, దిగి వచ్చి, "అయ్యా, లోపల ఎంత సల్లగుందో! సలిపుట్టేసింది" అని నవ్వింది. షామియానా విప్పేవేళకు మ్యూజియం సంగతి అందరూ మరిచిపోయారు. "పారీడం ఎందుకులే" అని డొంబురు నన్ను మళ్ళీ భుజాన వేసుకున్నాడు. దండ దారిలో మేకలు తినేశాయి.

కాదనకూడదు, బండి కొన్నాళ్ళు తిరిగింది. వాగు అవతలి గట్టు దాకా వచ్చేది. వాగు మీద వంతెన కూడా వేస్తామని, రోడ్డు ఊళ్ళోకి తెస్తామని, వాగు ఎండినప్పుడు ట్రాక్టర్లతో దాటించి మా వైపు గట్టు మీద కంకర కుప్ప పోశారు. నాకు పని తగ్గింది. చూరులో పడుకుని, ఇంక నా బతుకు ఇంతే హాయి అనుకున్నాను. అనుకున్నానో లేదో, రిపేరని బండిని పట్నం తీసుకెళ్ళారు. తీసుకెళ్ళినవాళ్ళు తిరిగి రాలేదు. కంకర కుప్ప మీద గడ్డి మొలిచింది.

అప్పటికి కాసులమ్మకు నెల తప్పింది. గంగులమ్మ ఊరుకుంటుందా? ఆఫీసరు కొండెక్కి వచ్చిన రోజున నిలదీసింది. "బండేది బాబూ?"

"ప్రభుత్వం పొదుపు చర్యలు మొదలుపెట్టిందమ్మా. ఖర్చులు తగ్గించాలి. కొత్త రోడ్లు, బండ్లు ప్రస్తుతానికి ఆపాం" అన్నాడతను.

ఇక్కడే మా వాళ్ళు పప్పులో కాలేశారు. పొదుపంటే మా ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఆడవాళ్ళందరిదీ మా కొండదేవత జాకరమ్మ పేరు మీద పొదుపు సంఘం, దానికి గంగులమ్మే పెద్ద. నెలకోసారి డొంబురు వసారాలో, సరిగ్గా నా కిందే కూర్చుంటారు. తలా ఇంత వేస్తారు, ఒకరి తరవాత ఒకరికి వంతు వస్తుంది. ఒకామె మేకలు కొంటుంది, ఒకామె పైకప్పు మార్పిస్తుంది. ఓపిక పట్టినవాళ్ళకు వంతు తప్పలేదు ఎప్పుడూ. పొదుపంటే వాళ్ళ లెక్కలో కడుపు కట్టుకోవడం కాదు, వంతు కోసం ఆగడం.

"ఓలమ్మ, గవర్నమెంటు కూడా పొదుపులో సేరిందేటి!" అంది గంగులమ్మ సంబరంగా. "మరైతే మా వంతెప్పుడు బాబూ?"

ఆఫీసరు ఆమె వంక చూశాడు. ఆమె అడిగింది అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. అర్థమయ్యే, విడమర్చి చెప్పడానికి నోరు రాలేదేమో. "వస్తుందమ్మా. తప్పకుండా వస్తుంది" అన్నాడు.

అంతే, ఊరంతా నిమ్మళించింది. రేషనులో కందిపప్పు ఆగిపోతే పొదుపన్నారు. బడి పంతులు బదిలీ అయి కొత్త పంతులు రాకపోతే పొదుపన్నారు. కింది ఊరి ఆసుపత్రిలో సూదిమందు లేదంటే, "ఆళ్ళు కూడబెడతన్నార్రా, ఊరుకోండి" అని గంగులమ్మే సర్దిచెప్పింది. ఇంత కూడబెడుతున్నారంటే మన వంతు ఎంత పెద్దదొస్తుందో అని కూడా అనుకున్నారు. పిచ్చి తల్లులు.

ఆ ఏడే కొండ మీద వెదురు పూసింది. వెదురు పూయడం చూడముచ్చటగా ఉంటుంది గానీ, పూసిన వెదురు బతకదు. పొదలకు పొదలు నిలువునా ఎండిపోయాయి. జనం వెదురు బియ్యం ఏరుకుని గంజి కాచుకున్నారు. నా చుట్టాలెవరూ మిగల్లేదు.

కాసులమ్మకు ఏడో నెలలో కాళ్ళు నీరు పట్టి, తల తిరగడం మొదలైంది. డొంబురు, లింగన్న డోలీ కట్టి ఆమెను కింది ఆసుపత్రికి తీసుకెళ్ళారు, గంగులమ్మా వెంట నడిచింది. నర్సమ్మ చూసి, "బీపీ ఎక్కువగా ఉంది, కాన్పు ఇంట్లో వద్దు. నొప్పులు రాకముందే తీసుకురండి, వస్తే మాత్రం గంటలో ఇక్కడుండాలి" అని గట్టిగా చెప్పింది. తిరిగొస్తూ సంతలో టీ కొట్టు దగ్గర ఆగారు. నన్ను గోడకు ఆనించారు. కొట్లో టీవీ మోగుతోంది.

టీవీలో ఓడరేవు. పెద్ద ఓడ, బ్యాండు మేళం, దండలు వేసిన తెల్లటి బండ్ల వరస. ఎక్కడో సముద్రం నడుమ ఒక దీవి దేశమట. తుపానుకు అతలాకుతలమైందట. మిత్రదేశానికి మన చేయూత అని చెబుతున్నాడు టీవీలో మనిషి. కాసులమ్మ టీ గ్లాసు కింద పెట్టి లేచి నిలబడింది.

"అయ్యా, అది మన బండి."

తలుపు మీద ఎర్ర అక్షరాలు గీకేశారు గానీ పూర్తిగా పోలేదు. చివరి 'పుట్టు' మిగిలి ఉంది. పది చదివిన పిల్ల కదా, ఆ మాత్రం చదవగలదు. బండి ఓడలోకి ఎక్కింది. చప్పట్లు మోగాయి.

అప్పుడు చూడాలి కొట్లో జనాన్ని. ఒకరు పింఛను ఆగిందన్నారు, ఒకరు హాస్టలు మూసేశారన్నారు, ఇంకొకరు ఆ దీవి వాళ్ళను నోటికొచ్చినట్టు తిట్టారు. అత్త సొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదేనని టీ కొట్టువాడు గ్లాసులు ఠంగుఠంగున బల్ల మీద పెట్టాడు. గంగులమ్మ మాత్రం కూతురి వైపు తిరిగింది. మెల్లగా అడిగింది.

"ఆళ్ళది ఏ సంఘమే కాసులూ? మనకన్నా ముందు ఆళ్ళకెలాగొచ్చింది వంతు?"

"తుపానొచ్చిందంటమ్మా ఆళ్ళకి. ఆళ్ళలోనూ కడుపుతో ఉన్నోళ్ళు ఉంటారు గదా" అంది కాసులమ్మ.

"ఉంటారు. ఆళ్ళకొద్దన్నానా నాను? ఆళ్ళకీ ఇయ్యమను. మనది లాక్కుని ఇయ్యడమేటి?" అన్నాడు డొంబురు. అతను అంత గట్టిగా మాట్లాడటం నేనెరగను.

ఆ సాయంత్రమే సంత రోడ్డు మీద జనం కూర్చున్నారు. ఆఫీసరు వచ్చాడు. అది పైవాళ్ళ నిర్ణయమని, దేశం పరువుతో కూడిన సంగతని, తన చేతిలో ఏమీ లేదని చెప్పాడు. చేతులు జోడించాడు కూడా. ఎవరి మీద అరవాలో తెలియక జనం కాసేపు ఒకరి మీద ఒకరు అరుచుకుని, చీకటి పడకముందే లేచిపోయారు. కొండ ఎక్కాలి కదా. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని పెద్దలు ఊరికే అనలేదు. మా ఇంట్లో మోత మాత్రం ఈగలది కాదు, నాది.

నొప్పులు రాకముందే తీసుకెళ్దామనుకున్నారు. పట్టిన ముసురు వదల్లేదు. వాగు పొంగి దారి మూసేసింది. తెరిపి ఇచ్చేలోగా ఒక పొద్దుటిపూట కాసులమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ముందు డొంబురు, వెనక లింగన్న, పక్కన గొడుగు పట్టుకుని గంగులమ్మ. నేను ఆమె బరువునంతా పట్టుకున్నాను. జారుడు బండల మీద డొంబురు మోకాళ్ళ మీద పడ్డాడు గానీ నన్ను వదల్లేదు. వాగు దగ్గరకు చేరేసరికి అవతలి గట్టు కనిపించడం లేదు. నీళ్ళు ఎర్రగా సుడులు తిరుగుతున్నాయి.

గట్టు మీద కంకర కుప్ప పక్కన కూర్చున్నారు. నీళ్ళు తగ్గుతాయని చూశారు. తగ్గలేదు. కాసులమ్మకు ఫిట్స్ వచ్చాయి. గంగులమ్మ నోట్లో గుడ్డ పెట్టి, "జాకరమ్మ తల్లీ, ఈసారికి నా బిడ్డని ఒగ్గీ" అని మొక్కుతూనే ఉంది. కాస్త తెలివి వచ్చినప్పుడు కాసులమ్మ తండ్రి వంక చూసింది.

"అయ్యా, బండి లోపల సల్లగా ఉండీది" అంది.

మళ్ళీ మాట్లాడలేదు. మధ్యాహ్నానికి నా మీద బరువు మారింది. బతికున్న మనిషి బరువు వేరు, అది మోసేవాళ్ళకు తెలుస్తుంది. డొంబురుకూ తెలిసింది. అయినా దించలేదు. తల్లి, బిడ్డ ఇద్దరూ నా మీదే పోయారు. అడవిలోనే విరిగిపోయి ఉంటే బాగుండేదని ఆ క్షణాన మనసారా అనుకున్నాను.

కట్టుబాటు ప్రకారం నన్ను ఆ కంకర కుప్ప మీద పారేశారు. పచ్చి కొమ్మ ఒకటి నరికి, శవాన్ని దాని మీద ఇంటికి మోసుకుపోయారు. వానలో తడుస్తూ నేనక్కడే పడి ఉన్నాను. ఆ దీవిలో మా బండి ఎవరినైనా ఎక్కించుకుందా, లేక అక్కడా ఫోటో తీసి పక్కన పెట్టారా అని ఆలోచించాను. ఎవరినో ఒకరిని బతికించి ఉంటే చాలనిపించింది. కాసులమ్మ అయినా అదే అనుకునేది. మిగిలిన ఆలోచనంతా చేదు. ఇక్కడే చీకిపోదాం, ఇంకెవరినీ మోయనక్కర్లేదు అనుకున్నాను.

కర్మకాండ అయ్యాక డొంబురు వచ్చాడు. వెనక లింగన్న ఉన్నాడు. డొంబురు వంగి నన్ను తీసి, కండువాతో బురద తుడిచి భుజాన పెట్టుకున్నాడు. లింగన్న అడ్డం నిలబడ్డాడు.

"మామా, అది ఊళ్ళోకి తేకూడదు. ఒగ్గీ."

"కొత్త కర్రకి యెదురేదిరా? కొండంతా సచ్చింది. పచ్చికొమ్మ మనిసిని మొయ్యనేదు, భుజం కోసేస్తాది." డొంబురు అల్లుడి వంక చూడకుండానే నడిచాడు. "గవర్నమెంటే పొదుపు సేస్తంది. మనం సెయ్యొద్దేటి?"

లింగన్న తలొంచుకుని పక్కకు తప్పుకున్నాడు.

అలా నేను మళ్ళీ చూరెక్కాను. డొంబురు భుజం కాయకి ఆముదం రాయడం గంగులమ్మ మానేసింది. నా వంక చూడటం కూడా మానేసింది. ఈ నెల పొదుపు సంఘం ఎప్పటిలాగే వసారాలో కూడింది. ఆడవాళ్ళు నా కిందే కూర్చున్నారు. ఒకామె ఒళ్ళో పిల్లకు జ్వరం. ఇంకొకామెకు నెలలు నిండుతున్నాయి. గంగులమ్మ తలొంచుకుని, ప్రతి నెలా అడిగే మాటే అలవాటుగా అడిగింది.

"ఈసారి వంతు ఎవలికి?"

అందరూ తలలెత్తి నా వంక చూశారు.