మార్తా ఊడ్చిన ఇల్లు

మనవరాలు మహతి ఎక్కిన కారు వెనకే దుర్గాంబ సందు చివరిదాకా నడిచింది. కారు మెయిన్ రోడ్డెక్కి కనబడకుండా పోయాక, పాల బూత్ అరుగు మీద కాసేపు కూర్చుని తిరిగి ఇంటికొచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

హాలంతా అద్దంలా ఉంది. మూలన చీపురు పట్టుకుని మార్తా నవ్వుతోంది.

"నానమ్మా, క్లీన్," అంది.

మార్తాది పోలండ్. నందిగామలో మహతి చదివే కాలేజీకీ వాళ్ళ యూనివర్సిటీకీ ఏదో ఒప్పందం ఉంది. ఇక్కడి పిల్ల ఒకతె స్కాలర్‌షిప్పు మీద అక్కడికి వెళ్తుంది, అక్కడి పిల్ల ఇక్కడికి వస్తుంది. మార్తా జగ్గయ్యపేట వచ్చి పన్నెండు రోజులయింది. ఆరు నెలలు ఈ ఇంట్లోనే ఉంటుంది. మహతి అక్కడ మార్తా వాళ్ళమ్మ దగ్గర ఉంటుంది.

"చెత్త ఏదమ్మా?" అని చేతులు తిప్పి అడిగింది దుర్గాంబ.

మార్తా వీధివైపు చూపించింది. మున్సిపాలిటీ బండి వచ్చి వెళ్ళిపోయింది.

దుర్గాంబ మంచం అంచున కూలబడింది. బయల్దేరిన మనిషి చేరినట్టు కబురు అందేదాకా ఇల్లు ఊడవకూడదు. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ ఇంట్లో ఈ మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు. అంత పట్టింపు ఎందుకో ఎవరికీ తెలియదు. కూతురు రోజారమణి విజయవాడ హాస్టలుకి బయల్దేరిన పొద్దున, చుట్టాలొస్తున్నారని దుర్గాంబే హడావుడిగా వరండా ఊడ్చేసింది. కంచికచర్ల దగ్గర బస్సు బోల్తా పడిందని మధ్యాహ్నం కబురొచ్చింది. పిల్లకి పందొమ్మిదేళ్ళు. ఊడ్చిన సంగతి ఆవిడ భర్తకి కూడా చెప్పుకోలేదు.

"ఏంటత్తయ్యా, అలా అయిపోయారు?" అంటూ కోడలు కృష్ణప్రియ వంటింట్లోంచి వచ్చింది. పదో తరగతి పరీక్షల డ్యూటీ పడి ఆమె ఎయిర్‌పోర్టుకి వెళ్ళలేకపోయింది.

"ఇల్లు ఊడ్చింది."

కృష్ణప్రియ ఆ పట్టింపేంటో మార్తాకి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పింది. మార్తా మొహం పాలిపోయింది. చీపురు పడేసి గేటువైపు పరిగెత్తింది.

"బండి ఆపి చెత్త తెస్తానంటోంది అత్తయ్యా."

"ఊరి చెత్తంతా కలిశాక మనదేదో ఎలా తెలుస్తుంది? వెనక్కి రమ్మను."

సాయంత్రం శంషాబాద్ నించి కొడుకు భార్గవ ఫోన్ చేశాడు. మహతి లోపలికి వెళ్ళిపోయిందట. దుర్గాంబ అన్నం ముట్టలేదు. మార్తా కూడా కంచం ముందు ఊరికే కూర్చుని లేచిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం రెండున్నరకి ఫోన్‌లో మహతి మొహం కనిపించింది.

"చేరా నానమ్మా. చలి చంపేస్తోంది. గోంగూర పచ్చడి కారి నా స్వెట్టర్లన్నీ పాడయ్యాయి. మార్తా వాళ్ళమ్మ ఉతికిపెడతానంటే వద్దన్నా, వినట్లేదు."

"ఒంట్లో బానే ఉందా?"

"బానే ఉంది. నువ్వు తిన్నావా?"

దుర్గాంబ తల ఊపింది. ఫోన్ పెట్టేశాక కోడలితో అంది: "ఈ పిల్ల బయల్దేరాక వాళ్ళమ్మ ఇల్లు ఊడ్చిందేమో అడుగు."

మార్తా తల దించుకుని మెల్లగా ఏదో చెప్పింది.

"ఈ పిల్లని ఎయిర్‌పోర్టులో దింపి ఇంటికెళ్ళగానే వాళ్ళమ్మ గదంతా కడిగేసిందట అత్తయ్యా. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని."

దుర్గాంబ మార్తా వైపు తిరిగింది. కడిగేసిన ఇంటి నించి ఈ పిల్ల సముద్రాలు దాటి క్షేమంగా వచ్చింది. ఊడ్చేసిన ఇంటి నించి మహతి క్షేమంగా వెళ్ళింది.

"కృష్ణప్రియా, రోజా వెళ్ళిన పొద్దున వరండా ఊడ్చింది నేనేనమ్మా," అంది.

ఆడపడుచుని ఫొటోలో తప్ప చూడని కృష్ణప్రియ అత్తగారి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. మార్తా ఏమీ అర్థం కాక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

కాసేపటికి దుర్గాంబ లేచి, తలుపు వెనకున్న చీపురు తీసింది. చేట మార్తా చేతికిచ్చింది. మార్తా పుచ్చుకోకుండా కృష్ణప్రియ వైపు చూసింది.

"పట్టమ్మా," అంది దుర్గాంబ. "చేరింది కదా."