సూసన్న సాక్ష్యం

ఒక్కో మంచం మీద దుప్పటి మారుస్తూ సూసన్న కిటికీ పక్క మంచం దగ్గరకు వచ్చేసరికి సింహాచలమ్మ మళ్ళీ ఏడుపు అందుకుంది. రైల్వే ఆసుపత్రిలో చేరినప్పటి నుంచీ ముసలమ్మది అదే వరస. యార్డులో పనిచేసే పెద్దకొడుకు నిరుడు జ్వరంతో పోయాడు. గుర్తొచ్చినప్పుడల్లా వాడి పేరు పెట్టి, రాగం తీసి ఏడ్చేది. పక్క మంచాలవాళ్ళు విసుక్కుంటుంటే, ఆమెను ఊరుకోబెట్టే పని నర్సు సూసన్నకు అప్పగించింది.

సూసన్న ఆ వార్డులో ఆయా. నలభై దాటిన మనిషి. ఫినాయిల్‌కు పగుళ్ళిచ్చిన చేతులు, ఎప్పుడూ బిగబట్టి ఉండే పెదవులు.

"ఊరుకో మామ్మా. ఏడిస్తే తిరిగొస్తాడేటి? దేవుడి మీద భారం వెయ్యి."

ముసలమ్మ చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నీకెవులూ పోనేదేటమ్మా?"

"ఒక్కతే కూతురు. కరుణ. రెండేళ్ళ కిందట పోనాది."

"ఏడ్సినావా?"

"నేదు. మేం ప్రభువుని నమ్మినోళ్ళం. ఏడవకూడదు."

"అదేటి? మీ దేవుడెప్పుడూ ఏడవనేదా?"

ఎగతాళి కాదు, తెలియకే అడిగింది. స్నేహితుడి సమాధి దగ్గర ప్రభువు కన్నీరు పెట్టుకున్న సంగతి సండే స్కూల్లో పిల్లలకు సూసన్నే చెప్పేది. చెప్పిన మాట తన చెవిన ఇన్నాళ్ళూ ఎందుకు పడలేదో అర్థం కాలేదు.

కరుణను పాతిపెట్టిన రోజున భర్త జ్ఞానరత్నం ఆమె భుజం నొక్కి, "ఏడవకు. నలుగురిలో మన నమ్మకానికి సాక్ష్యం పోతాది" అన్నాడు. వర్క్‌షాపులో వడ్రంగి, సంఘంలో పెద్ద. ఆయన మాట విని ఆమె ఏడవలేదు. ప్రతి బుధవారం ప్రార్థన కూటంలో లేచి, ప్రభువునందు సంతోషంగా ఉన్నానని చెప్పేది. ఎంత విశ్వాసమో అని అందరూ మెచ్చుకునేవారు. ఇంట్లో మోకరిస్తే మాత్రం గోడతో మాట్లాడుతున్నట్టు ఉండేది. పాలవాడి మీద, గిన్నెల మీద ఊరికే కోపం వచ్చేది. విశ్వాసం చాలలేదేమోనని ఉపవాసాలు చేసింది. లోపల ఇంకా ఎండిపోయింది.

ఆ రోజు బుధవారమే. ట్రాఫిక్ అని పిలిచే రైల్వే కాలనీలో, ఒక క్వార్టర్‌లో కూటం. సాయంత్రం తన వంతు రాగానే అలవాటుగా లేచింది. అలవాటైన మాట రాలేదు.

"నాకు సంతోషం నేదు. పిల్ల పోయిన కాడి నుంచీ నేదు. ఉందని సెప్పినాను. ఎందుకు సెప్పినానో నాకు తెలీదు."

కూర్చుంది. ఎవరో పాట ఎత్తుకున్నారు గానీ గొంతులు కలవలేదు.

ఇంటికి వెళ్తుంటే జ్ఞానరత్నం సైకిలు నడిపించుకుంటూ ముందు నడిచాడు. తిడతాడనుకుంది. గోల్‌బజార్ బట్టల కొట్లు దాటాక ఆగాడు.

"నాకూ నేదే" అన్నాడు వెనక్కి తిరగకుండా.

"మరి ఇన్నాళ్ళూ మనం సెప్పిందేటి?"

"తెలీదు సూసన్నా."

చైను సరిచేసే మిషతో కిందికి వంగాడు. భుజాలు కదులుతున్నాయి. ఆమె సైకిలు పట్టుకుని నిలబడింది.

ఇంట్లో ఇద్దరూ మోకరించారు. "ప్రభువా" అన్నది ఒక్కటే ఆమె నోట వచ్చింది. ఆ తర్వాత వచ్చిందంతా ఏడుపే. పక్కన ఆయనా ఏడ్చాడు. అది ప్రార్థనో, ప్రార్థన చెడిపోవడమో ఆమెకు తెలియలేదు. గోడతో మాట్లాడినట్టు మాత్రం లేదు.

పొద్దున ఆసుపత్రికి త్వరత్వరగా నడిచింది. మా దేవుడూ ఏడ్చాడు మామ్మా అని చెప్పాలి. కిటికీ పక్క మంచం మీద పరుపు చుట్టి ఉంది.

"తెల్లారగట్ల పోయింది. నిద్రలోనే" అంది నర్సు. "వాళ్ళవాళ్ళు తీసుకెళ్ళిపోయారు."

సూసన్న పరుపు విప్పి పరిచింది. కొత్త దుప్పటి వేసి, నాలుగు మూలలూ సర్ది, గాలి ఆడాలని కిటికీ రెక్క తోసింది. బయటి గట్టు మీద, నర్సు కంటపడకుండా దాచుకున్న అడ్డపొగ చుట్ట, నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చేది, ఒకటి ఉంది. సగం కాలి ఆరిపోయి, నిప్పు వైపు కొసన ముసలమ్మ పళ్ళ గాట్లతో.