బొగ్గు మొన మీద లేచిన గుట్ట

ఆ ఉదయం ఆకాశం మబ్బు కమ్మి ఉంది, చినుకు మాత్రం రాలలేదు.

నేను ఒక బొగ్గు కడ్డీని. అద్దంలా గట్టిపడేదాకా కొలిమిలో కాల్చి, పెన్సిలంత గొట్టంలో బిగించి, ఈ విద్యుత్ ప్రయోగశాలకు అమ్మారు. మొదట నన్ను వాడినాయన మొనంతా గీతలు పెట్టాడు. తర్వాత వచ్చిన సుహాసిని మేడమ్ రోజూ తెల్లపొడి వేసి మెత్తటి గుడ్డ మీద రుద్దుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నూనె త్వరగా పాడవకుండా అందులో ఒక మందు కలుపుతారు. ఆ నూనెను స్పిరిట్‌లో కలిపి, నన్ను ముంచి కొద్దిగా కరెంటిస్తే, మిగిలిన మందు తెర మీద గుట్టలా లేస్తుంది. గుట్ట ఎత్తుగా ఉంటే నూనెకు ఇంకా ఆయువున్నట్టు. మనుషులు నిజం చెప్పమనే నన్ను ముంచుతారు. నచ్చకపోతే కడిగి మళ్ళీ ముంచుతారు.

ఆ రోజు లైన్‌మన్ గవరయ్య తెచ్చింది ఎత్తిపోతల మోటార్లు నడిపే ట్రాన్స్‌ఫార్మర్ నూనె. కొన్నాళ్లుగా అది వేడెక్కి మూలుగుతోందట. నూనె మార్చాలంటే వారం పాటు నీళ్లు ఆపాలి. వరి పాలు పోసుకునే వేళ. కాలవ చివరున్నది గవరయ్య చేనే, ముందు ఎండేదీ అదే.

గుట్ట నిటారుగా లేచింది. గవరయ్య ముఖం తేటపడింది. మేడమ్ మాత్రం తెర మీదికి వంగి చూసింది. గుట్ట ఉండాల్సిన చోట లేదు, కాస్త ముందే లేచింది.

"దేంట్లో పట్టావు గవరయ్యా?"

"ఇంట్లో నువ్వుల నూని సీసా మేడమ్. సబ్బెట్టి కడిగీసినాను."

"ఎంత కడిగినా అడుగున మిగులుతుంది. నువ్వుల నూనెలోనూ పాడవకుండా కాపాడే అలాంటి మందే ఉంటుంది. ఇప్పుడు నేను కొలిచింది మీ వంటిల్లు."

గవరయ్య నవ్వలేదు. ఆమె ఇచ్చిన గాజు సీసా జేబులో పెట్టుకుని బండెక్కి వెళ్లాడు. మధ్యాహ్నానికి ట్రాన్స్‌ఫార్మర్ నూనె మళ్ళీ పట్టి తెచ్చాడు. నన్ను ముంచారు. ఈసారి గుట్ట లేవలేదు, తెర మీద గీత చదునుగా సాగిపోయింది.

మళ్ళీ ముంచమంటాడనుకున్నాను. అడగలేదు.

"ఇలాగే నడిపితే ఎన్నాళ్లుంతాది మేడమ్?"

"చెప్పలేను. అది కాలిపోతే కొత్తది వచ్చేసరికి ఊరి పంటంతా పోతుంది."

అతను కిటికీ దగ్గరికి వెళ్లాడు. పంపు దగ్గరున్న తమ్ముడికి తనే ఫోన్ చేశాడు.

"మోటార్లు ఆపీరా. మన సేను తడిసినాక కాదు. ఇప్పుడే ఆపీ."

మేడమ్ నన్ను తుడిచి పెట్టెలో పెట్టింది, మూత వేయడం మరిచింది. క్యారియర్ విప్పి, సగం అన్నం గిన్నెలోకి తీసి గవరయ్య ముందుకు జరిపింది. అతను వద్దనలేదు. బల్లకు అటొకరు ఇటొకరు కూర్చున్నారు. గవరయ్య మెతుకు కూడా వదలకుండా తిన్నాడు.