క్రాంతి కుమార్ ఇచ్చిన తాళాలు

వాయుగుండం పట్టినప్పటి నుంచి ముత్తుకూరులో ఏ ఇంట్లోనూ ఒక్క గుడ్డ సరిగా ఆరలేదు. మేడమీద గదిలో అద్దెకుండే నీమా పొద్దున్నే తడి ఆరని చుడీదారే తొడుక్కుని రొయ్యల గుంటల దగ్గరికి వెళ్లడం, కింద ఇంట్లో మిషన్ కుట్టుకుంటున్న రెబెక్కమ్మ చూసింది. చూసి ఊరుకోలేకపోయింది. నీమా బకెట్లో నానబెట్టి వెళ్లిన బట్టలన్నీ ఉతికి, పిండి, ఆ గదిలోనే కిటికీ కమ్మికీ తలుపు మేకుకీ తాడు కట్టి ఆరేసింది. ఫ్యాను పెద్దగా పెట్టి కిందికి దిగింది.

తాడు కింద బల్ల ఉంది. బల్ల మీద మూసిపెట్టిన ల్యాప్‌టాప్ ఉంది. జీన్సు ప్యాంటు అంచుల నుంచి నీళ్లు సాయంత్రం దాకా దాని మీద బొట్లు బొట్లుగా పడుతూనే ఉన్నాయి.

నీమాది టాంజానియా. అక్కడ కూడా సముద్రం ఒడ్డు ఊరే. రొయ్యల జబ్బుల మీద పరిశోధన చేయడానికి స్కాలర్‌షిప్‌తో ఇక్కడికి వచ్చింది. నీమా అంటే తమ భాషలో కృప అని వచ్చిన కొత్తలో చెప్పింది. ఆనాటి నుంచి రెబెక్కమ్మ చర్చిలో అందరికీ ఆమెని “మా కృప” అనే చెప్పుకుంటుంది. తెలుగు మాత్రం నీమా పుస్తకాల్లో నేర్చుకోలేదు, చర్చిలోనూ నేర్చుకోలేదు. గుంటల మీద మేత చల్లేవాళ్ల దగ్గర, నీళ్లలోకి గాలి కొట్టే ఏరేటర్లు తిప్పేవాళ్ల దగ్గర నేర్చుకుంది. అందుకని ఆమె నోట్లోంచి తెలుగు వచ్చిందంటే కాలేజీలో సార్లు నవ్వు ఆపుకునేవాళ్లు.

ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ తెరిస్తే కీబోర్డు సందుల్లోంచి నీళ్లు కారాయి. మీట నొక్కింది. ఇంకోసారి నొక్కింది. నొక్కకూడదని తెలిసే నొక్కింది. నల్లటి తెర మీద తన ముఖం తప్ప ఏమీ కనబడలేదు.

సోమవారం సెమినారు. గుంటల నీళ్ల మీద ఇన్నాళ్లు తీసిన లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. వేరేచోట దాచుకున్న కాపీ ఎండాకాలం నాటిది. గట్టు మీద చీటీల మీద రాసుకున్న అంకెలు ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించగానే చీటీలు పారేయడం ఆమెకి అలవాటు.

అలికిడికి రెబెక్కమ్మ పైకి వచ్చింది. తాడు చూసింది, బల్ల చూసింది, నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

“అయ్యో తల్లీ, నేను చూసుకోలేదే. నీకు తొడుక్కోను ఒక్క జత కూడా లేదని...”

నీమాకి ఒళ్లంతా మండుతోంది. అరవాలని ఉంది. కానీ తాడు మీద వేలాడేవి తన బట్టలే. ఉతకమని అడగకుండానే ఉతికిన మనిషిని ఏమని అరుస్తుంది? “పర్లేదక్కా” అంది. ఆ మాట పళ్ల మధ్య నుంచి వచ్చిందని ఇద్దరికీ తెలిసింది.

“బియ్యంలో పెడితే తడంతా లాగేస్తుందంట. మా తమ్ముడు సెల్లు అట్టనే బాగయింది. కింద డ్రమ్ము నిండా బియ్యం ఉండాయి, ఇటివ్వు.”

“వద్దక్కా. ముట్టుకోవద్దు.”

రెబెక్కమ్మ చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది. తాడు విప్పి, తడి బట్టలు భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు ఇద్దరూ నెల్లూరు బస్సెక్కారు. నీమా వద్దన్నా రెబెక్కమ్మ చీర మార్చుకుని గొడుగు పట్టుకుని వచ్చేసింది. ట్రంకు రోడ్డు పక్కన సందులో క్రాంతి కుమార్ అనే అతను ల్యాప్‌టాప్‌లు బాగుచేస్తాడని కాలేజీలో ఎవరో చెప్పారు. చిన్న షాపు, ఒక్కడే మనిషి. ముప్పై దాటి ఉండవు. అతను స్క్రూలు విప్పి లోపలికి లైటు వేసి చూసి, నీమాతో కాకుండా రెబెక్కమ్మతో మాట్లాడాడు.

“బోర్డు పోయినట్టుండాదమ్మా. ఆమెకి చెప్పండి, మిషన్ ఆశ వదులుకోమని. హార్డ్ డిస్కులోది మటుకు ఎక్కిచ్చి ఇస్తానని చెప్పండి.”

“నాకు చెప్పన్నా,” అంది నీమా. “నా సామాను, నాకు చెప్పు. ఎప్పుడిస్తావు?”

క్రాంతి కుమార్ తల ఎత్తి చూశాడు. “అబ్బో, మా ముత్తుకూరోళ్ల మాదిరే మాట్లాడతాండారే. రెండ్రోజుల్లో ఇచ్చేస్తా మేడమ్. ఫోన్ చేస్తా.”

ఫోన్ రాలేదు. నీమా చేస్తే ఎత్తలేదు. మొదట గంటకోసారి చేసింది, తర్వాత ఫోను చేతిలోంచి దింపలేదు. గుంటల దగ్గర నిలబడితే కాలు నిలవలేదు. మేత ఆలస్యంగా చల్లాడని కాపలా మనిషి మీద కేకలేసి, తర్వాత వెళ్లి క్షమించమంది. అన్నం కలుపుకుని సగంలో లేచింది. పడుకుంటే అంకెలు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించేది. ఫలానా గుంటలో ఉప్పదనం ఎంత, రొయ్యలు చచ్చి తేలిన రోజున ప్రాణవాయువు ఎంత అని. ఒక అంకె దొరికినట్టే దొరికి, దాని పక్కది జారిపోయేది. లేచి గదిలో అటూ ఇటూ తిరిగేది. ఆ అడుగుల చప్పుడు కింద రెబెక్కమ్మకి వినబడుతూనే ఉండేది. ఆమెకీ చెయ్యి కుదరలేదు. ఎవరిదో జాకెట్టుకి చేతులు తిరగేసి కుట్టి, మళ్లీ విప్పుకుంటూ కూచుంది. ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడితే కరెంటు గురించో వాన గురించో ఒక మాట అనుకుని తప్పుకున్నారు.

శనివారం ఇక ఆగలేక నీమా సంచి భుజాన వేసుకుంది. గేటు దగ్గర రెబెక్కమ్మ గొడుగుతో నిలబడి ఉంది.

“నేనూ వస్తా.”

నీమా గేటు తీసింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, క్రాంతి కుమార్‌ని ఏమేం అనాలో లోలోపల అనుకుంది. గుంటల మీద నేర్చుకున్న మాటల్లో పదునైనవి ఏరి వరసగా పెట్టుకుంది.

షాపు షట్టరు దించి ఉంది. వాన నీళ్లు మెట్టుదాకా వచ్చాయి. నీమా షట్టర్ని అరచేత్తో దబదబా కొట్టింది. పక్క జిరాక్సు షాపులోంచి ఒకామె తొంగిచూసింది. ఆమె పేరు అబిగయీలని అప్పటికి వాళ్లకి తెలియదు.

“యాడమ్మా ఆయన? వాళ్లావిడకి మొన్నటి నుంచి ఒంట్లో బాగలేదు, రాత్రి నొప్పులు మొదలైనయి. తెల్లారి ఆసుపత్రికి తీసకపోయినాడు. పట్టాల మీదికి నీళ్లొచ్చి రైళ్లు ఆపేసినారంట గదా, బిట్రగుంట నుంచి ఆ అమ్మాయి వాళ్లమ్మ కూడా రాలేకపోయింది.”

ఏ ఆసుపత్రో కనుక్కుని ఆటో ఎక్కారు. దారిలో రెబెక్కమ్మ మెల్లిగా, “నేను మాట్లాడతాలే” అంది. “నేనే మాట్లాడతా” అంది నీమా.

ఆపరేషన్ గది బయట వరండాలో క్రాంతి కుమార్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఒక చేతిలో భార్య చెప్పులు, ఇంకో చేతిలో మందుల సంచి. అప్పుడే నర్సు బయటికి వచ్చి, “ఆడమనిషి ఎవరూ లేరా? బిడ్డని ఎవరి చేతికియ్యాల? మగోళ్లని లోపలికి పంపం” అని గట్టిగా అంటోంది. అతను వస్తారు, వస్తారు అంటున్నాడు గానీ ఎవరొస్తారో అతనికే తెలియనట్టుంది.

నీమాని చూడగానే అతని ముఖం ఇంకా పాలిపోయింది. “మేడమ్... మీ ఫోన్లు చూసినా...”

నీమా ఏరిపెట్టుకున్న మాటల్లో మొదటిది అందామని నోరు తెరిచింది. ఆ చెప్పుల జత చూసింది. ఆ మాట అనబుద్ధి కాలేదు. అలాగని కోపమూ పోలేదు. ఏంచేయాలో తెలియక చేతులు కట్టుకుని, మళ్లీ విప్పుకుంది.

రెబెక్కమ్మ ఎవరి వైపూ చూడకుండా ముందుకెళ్లి, అతని చేతిలో చెప్పులూ సంచీ తీసుకుంది. “నేనుండా సిస్టరమ్మా. ఏం గావాల్నో నాకు చెప్పు.” తర్వాత అతన్ని అడిగింది. “అమ్మాయి పేరేంది నాయనా?”

“సాయిలక్ష్మి.”

“భయపడబాక. నేనీడనే ఉంటా.”

క్రాంతి కుమార్ జేబులోంచి తాళాల గుత్తి తీశాడు. “మేడమ్, మీ డిస్కు నా సిస్టమ్‌కి తగిలిచ్చి కాపీ పెట్టినా. మధ్యలో వదిలేసి వచ్చినా. నీళ్లు దిగిన డిస్కు అది, మధ్యలో ఆగిందంటే మళ్లీ తిరుగుతుందో లేదో చెప్పలేను. యూపీఎస్ ఉండాది గానీ బ్యాటరీ పాతది, ఎంతోసేపు రాదు. మీరు పోయి చూడండి. తెర మీద పచ్చ గీత కదులుతుంటే ఏదీ ముట్టుకోబాకండి. ఆగిపోయుంటే మటుకు...” అని చెప్పలేక ఆపేశాడు.

“షాపంతా నాకిస్తుండావా?” అంది నీమా.

“ఇంకెవురికియ్యాల మేడమ్?”

నీమా తాళాలు పట్టుకుని ఆటో కోసం వానలోకి పరుగెత్తింది.

షట్టరు ఎత్తగానే వేడి వైరు వాసన వచ్చింది. ఎక్కడ చూసినా విప్పిన ల్యాప్‌టాప్‌లు, ఒక్కోదాని మీద అంటించిన పేరు. తనది ఎక్కడుందో మొదట గుర్తుపట్టలేకపోయింది. పైభాగం ఒకచోట, కీబోర్డు ఒకచోట, తుప్పు మరకలతో బోర్డు ఒకచోట ఉన్నాయి. మూలన కంప్యూటరుకి తీగతో తగిలించిన చిన్న డిస్కు గుర్రు గుర్రుమంటోంది. తెర మీద పచ్చ గీత ఉంది. అది కదులుతోందో లేదో తెలియక దగ్గరగా వంగి చూసింది. వెంట్రుకవాసి కదిలింది.

స్టూలు లాక్కుని కూర్చుంది. కూర్చోలేక లేచింది. షట్టరు తెరిచి ఉండడం చూసి మనుషులు రావడం మొదలెట్టారు. ప్రింటరు ఎత్తుకుని ఒక పెద్దాయన, బ్యాంకు పరీక్షకి హాల్ టికెట్ కావాలని ఒకమ్మాయి. ఇద్దరికీ విషయం చెప్పి పంపింది. ఆ వెనక ముత్తుకూరు దగ్గర పోర్టులో పనిచేసే లావుపాటి ఒకాయన వచ్చి, గడప మీదే నిలబడి అరిచాడు.

“ఎవురు నువ్వు? క్రాంతి యాడ? వారం నుంచి నన్ను తిప్పుతాండాడు!”

“ఆయన పెండ్లానికి కాన్పన్నా. ఆసుపత్రిలో ఉండాడు. నాది గూడా ఈడనే ఉండాది, చూడు, ముక్కలు ముక్కలుగా. నేను గూడా ఎదురుచూస్తుండా. కూర్చుంటే కూర్చో, లేకపోతే సోమవారం రా.”

ఆయన ఆ ముక్కల వైపు చూశాడు. తర్వాత చెప్పులు బయట విడిచి, వచ్చి కూర్చున్నాడు. పేరు పెంచలకృష్ణ అని చెప్పాడు. “మగబిడ్డా ఆడబిడ్డా?” అని అడిగాడు.

“ఇంకా తెలీదు.”

అప్పుడే కరెంటు పోయింది. షాపంతా చీకటైంది గానీ ఆ మూల తెర మాత్రం వెలుగుతోంది. దాని కింద యూపీఎస్ కీచుమని అరవడం మొదలెట్టింది. నీమా పచ్చ గీత చూసింది. ఇంకా చివరికి రాలేదు. యూపీఎస్ అరుపు మీద అరుపు దగ్గరవుతోంది. ఆమె ఒక్క గెంతున బయటపడి జిరాక్సు షాపులోకి దూకింది. అక్కడ లైటు వెలుగుతోంది.

“అక్కా, నీకు ఇన్వర్టరుందా?”

“ఉండాది. ఏంది?”

“వైరు! పెద్ద వైరుందా?”

అబిగయీలు ఇంకేమీ అడగలేదు. మిషన్ కింద చుట్టగా పడున్న ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి, తన ప్లగ్గు తీసేసి దీన్ని పెట్టింది. నీమా వైరు పట్టుకుని వానలోంచి ఇటు పరుగెత్తింది. చెట్టంత మనిషి పెంచలకృష్ణ నేల మీద బోర్లా పడుకుని, బల్ల కిందికి చెయ్యి పోనిచ్చి యూపీఎస్ తీగ వెతికి, లాగి, ఇందులో గుచ్చాడు. కీచుశబ్దం ఆగిపోయింది. అందరూ తెర వైపు చూశారు. పచ్చ గీత అక్కడే ఉంది. ఉంది, ఉంది... కదిలింది.

పెంచలకృష్ణ మోకాళ్లు దులుపుకుంటూ లేచి, “నాది గూడా ఈ మాదిరి చూసుకుంటే బాగుండు” అన్నాడు. అబిగయీలు వైరు మీద ఎవరూ కాలు వేయకుండా గుమ్మంలో నిలబడింది.

సాయంకాలమవుతుండగా రెబెక్కమ్మ ఫోన్ చేసింది. “ఆడబిడ్డ. తల్లి బాగుండాది. బిడ్డని ముందు నా చేతికే ఇచ్చినారు నీమమ్మా. ఆ అబ్బాయి గోడకి ఆనుకోని ఏడుస్తుండాడు.” నీమా ఆ మాట షాపులో అందరికీ చెప్పింది. పెంచలకృష్ణ ఆసుపత్రి ఎక్కడో అడిగి వెళ్లిపోయాడు. తన ల్యాప్‌టాప్ సంగతి ఎత్తనే లేదు.

చీకటి పడే ముందు క్రాంతి కుమార్ వచ్చాడు, వెనకే రెబెక్కమ్మ. అతను నిలబడే కంప్యూటరు ముందుకి వంగి ఒక్కొక్క ఫైలు తెరిచి చూశాడు. చాలావరకు తెరుచుకున్నాయి. ఈ వానాకాలంలో తీసిన లెక్కల్లో కొన్ని తెరుచుకోలేదు. మళ్లీ ప్రయత్నించాడు. డిస్కు కటకటమని ఆగిపోయింది. ఇక తిరగలేదు.

“అవి పోయినట్టే మేడమ్. నేను షాపులోనే ఉంటే...”

 పోయిన ఆ ఫైళ్లలో ఏముందో నీమాకి తెలుసు. రొయ్యలు చచ్చి తేలిన వారాలు. అవి లేకపోతే సెమినారులో తను చెప్పదల్చుకున్న మాటకి నడుం విరిగినట్టే. అయినా కంప్యూటరు వైపు చూస్తే మిగతావన్నీ వరసగా కనబడుతున్నాయి.

“మిగతాది ఇవ్వన్నా,” అంది. “నువ్వు మీయావిడ దగ్గరికి పో.”

ముత్తుకూరు బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. కాపీ ఎక్కించి ఇచ్చిన చిన్న డిస్కుని నీమా రెండు చేతులతో ఒళ్లో పట్టుకుంది. కాలు మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.

“అక్కా. నీ మీద నాకు శానా కోపం వచ్చింది.”

“తెలుసులే. మెట్లెక్కేటప్పుడు నీ చెప్పుల చప్పుడు నాకు తెలీదా?”

“నువ్వు ఏదీ అడగకుండా చేస్తావు.”

“అడిగితే నువ్వు వద్దంటావు గదా,” అంది రెబెక్కమ్మ. గొడుగు ఒళ్లో సర్దుకుని, “ఈసారి అడుగుతాలే” అని చేర్చింది.

నీమా నవ్వలేదు గానీ ఆమె వైపు కాస్త జరిగి కూర్చుంది.

సోమవారం కాలేజీ కంప్యూటరులోనే నీమా సెమినారు చెప్పింది. పోయిన వారాల దగ్గరికి వచ్చేసరికి దాచకుండా, ఇక్కడ నా దగ్గర లెక్కలు లేవు, నీళ్లు పడి పోయాయి అంది. ముందు వరసలో ఎవరో గొణిగారు. ఆమె గైడు గడ్డం రుద్దుకుని, వచ్చే వానాకాలం దాకా మళ్లీ తీస్తేగానీ ఇది నిలవదు, గడువు పెంచమని నేను రాస్తాను అన్నారు. ఇంకో ఏడాది.  ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పడానికి నీమా బయట వరండాలో చాలాసేపు అటూ ఇటూ తిరిగింది. చెప్పాక అవతల అమ్మ, ఒంటరిగా ఉన్నావా అని అడిగింది. లేదంది నీమా. అది నిజమేనా అని తనలో తాను వెతుక్కుంది. నిజమే అనిపించింది.

వాన వెలిసింది. సాయంత్రం నీళ్ల నమూనాలకి ఖాళీ సీసాలు సంచిలో వేసుకుని ఆమె గుంటల వైపు నడిచింది. మొదటి గుంట గట్టు మీద కాపలా మనిషి ఎదురొచ్చి, “మళ్లా మొదట్నుంచా పాపా?” అన్నాడు.

“మళ్లా మొదట్నుంచే అన్నా,” అంటూ ఆమె గట్టు దిగి, నీళ్లలోకి వంగి సీసా ముంచింది.