నడుమెత్తు మడి

"ఎవురన్నా మడిని నడుమెత్తు కడతారా? ఎద్దులకు తొట్టి కట్టినట్ల కట్టినావే!" అన్నాడు తిప్పేష్, బైకు దిగకుండానే.

అతని భార్య జయంతి వినిపించుకోలేదు. ఇంట్లో బండలు పరిచినప్పుడు మిగిలిన ముక్కలను బురదతో పేర్చి, పెరట్లో నాలుగు గోడలు లేపింది. కొలతకు టేపు వెతకలేదు. నిటారుగా నిలబడి, మోచేయి మడిస్తే అరచెయ్యి ఎక్కడికొచ్చిందో అదే ఎత్తు.

పద్నాలుగేళ్ళప్పుడే చేలో కలుపుకు వంగిన నడుము అది. తర్వాత చీపురుకు వంగింది, పొయ్యికి వంగింది, నేలమీది గిన్నెలకు వంగింది. చేలో వంగితే కూలన్నా వచ్చేది. ఇంట్లో వంగినందుకు "పగలంతా ఇంట్లోనే ఉంటావు గదా, నీకేం పని?" అన్న మాట దక్కింది. పోయినేడు డాక్టరమ్మ ఇక వంగొద్దంటే తిప్పేష్ పడీపడీ నవ్వాడు. "వంగకుండా ఆడోళ్ళ పని యాడుంటాది మేడమ్?" అన్నాడు. ఆ నవ్వు జయంతిని ఏడాదిపాటు గుచ్చుతూనే ఉంది.

మడి అడుగున వేరుశనగ పొట్టు, పైన మట్టి, పేడ ఎరువు నింపింది. పొట్టు మరీ ఎక్కువ వేయడం తన తప్పే. రెండుసార్లు నీళ్ళు పోయగానే మడి జానెడు కుంగింది. ఇంటిల్లిపాదీ నవ్వారు. శింగనమల చెరువు మట్టి తెప్పించి మళ్ళీ నింపింది. ఇప్పుడు టమేటా, వంగ, బెండ, మూలన ఒక బొప్పాయి ముచ్చటగా లేచాయి. పొద్దున్నే నిలబడి ఆకులు నిమురుతుంటే నోట్లో ఏదో పాట ఆడేది. పని చేస్తూ ఇంత సంతోషంగా ఉండొచ్చని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆదివారం తిప్పేష్ గడ్డపార తెచ్చాడు. మిగిలిన బండలు చాలవని, మడి పై రెండు వరుసలు కూడా పీకి బైకు నిలిపేచోట పరుస్తాడట. పీకితే మట్టితోపాటు మొక్కలన్నీ కూలిపోతాయి.

"పీకు. పీకినాక దాంట్లో పని కూడా నువ్వే చెయ్యి. నేను మాత్రం నడుం వంచను," అంది జయంతి.

అంతలో అత్త తిమ్మమ్మ వచ్చింది. అరవయ్యేళ్ళ కలుపు ఆమెను కొడవలిలా వంచేసింది. మడి అంచు సరిగ్గా ఆమె గడ్డానికొస్తుంది. చెయ్యి చాచి ఒక వంకాయ తెంపి, తిప్పి తిప్పి చూసుకుంది.

"ఒరే, దీన్ని ముట్టినావంటే సూడు. కింద కూకోకుండా కాయ తెంపింది నా బతుకులో ఇదే. అమ్మీ, నా కొలతకు గూడా ఒకటి కట్టు."

అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. తిప్పేష్ గడ్డపార పక్కన పెట్టేశాడు.

"సరేలే. ఇంగేమేమి కట్టాలో చెప్పు."

జయంతి కుళాయి కింద నేలమీద పడున్న ఎంగిలి గిన్నెలకేసి చూసింది. బండలు ఇంకా మిగిలాయి.

"ఈడ నిలబడప్పా. మోచెయ్యి మడువు. నీ కొలత గావాల."

"నాదేంటికి?"

"గిన్నెలు తోమే అరుగుకు."